తీరిక లేని రోజుల్లో కృతజ్ఞతకూ దానానికీ చోటు కల్పించడం ఎలా?

విజయనగరం నుంచి విశాఖపట్నానికి రోజూ రైలెక్కి ఉద్యోగానికి వెళ్ళివచ్చేవారికి, రానూ పోనూ దాదాపు 120 కిలోమీటర్ల ప్రయాణంలోనే సగం ఓపిక అయిపోతుంది. శ్రీకాకుళంలో దుకాణం నడిపేవారి పరిస్థితీ, టెక్కలి వైపు బడులకు బస్సులో వెళ్ళే ఉపాధ్యాయుల పరిస్థితీ అంతకన్నా మెరుగ్గా ఏమీ ఉండదు. ఇలాంటివారికి రోజూ కృతజ్ఞతా డైరీ రాయమనీ, రోజుకొక మంచి పని చేయమనీ సలహా ఇస్తే, చేతినిండా ఉన్న పనులకు మరో రెండు తగిలించినట్టే అవుతుంది. కృతజ్ఞతకు వారంలో ఒక పూటా, దానానికి నెలకొక హద్దూ ముందే పెట్టుకుంటేనే అవి మనసుకు ఊరటనిస్తాయని నా అభిప్రాయం.

ఇందుకు కొంత ఆధారమూ ఉంది. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన ఒక పరిశోధనలో, కొందరు విద్యార్థులు 10 వారాల పాటు వారానికొకసారి తమకు జరిగిన మేళ్ళను ఐదింటికి మించకుండా రాశారు. చికాకులు రాసినవారితో పోలిస్తే వీరు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తి కనబరిచారు. సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం వారానికొకసారి రాసినవారినీ మూడుసార్లు రాసినవారినీ విడివిడిగా గమనించినప్పుడు, ఒకసారి రాసినవారిలోనే మార్పు కనిపించింది. అమెరికాలో కొద్దిమంది విద్యార్థులపై జరిగిన పరీక్షలు కనుక వీటిని వేదవాక్కుగా తీసుకోనక్కర లేదు కానీ, ఏ మంచి అలవాటైనా తంతుగా మారితే సారం పోతుందన్నది మనకూ తెలిసిన సంగతే.

కాబట్టి ఆదివారం సాయంత్రం ఒక పది నిమిషాలు చాలు. ఒక మామూలు నోటు పుస్తకంలో మూడు సంగతులు రాయండి. 'మంచి కుటుంబం ఉంది, ఆరోగ్యం ఉంది' వంటి వాక్యాలు మూడో వారానికల్లా కంఠతా వచ్చేసి, మనసుకు పట్టకుండానే చేతి నుంచి జారిపోతాయి. వాటికి బదులు, మంగళవారం రైలు కూత వినిపిస్తుండగా స్టేషనుకు చేరితే, సైకిల్ స్టాండులో పెద్దాయన చీటీ చింపడం కూడా పక్కనపెట్టి, "మీరెళ్ళిపోండి బాబూ, బండి నాను సూసుకుంటాను" అంటూ హ్యాండిల్ అందుకున్నాడని రాయండి. ఎవరు చేశారు, ఏం చేశారు, అందుకోసం వారు ఏం వదులుకున్నారు అనే మూడు ప్రశ్నలకూ జవాబు ఉండాలి. వీటిలో మూడోది ముఖ్యమైనది. ఐదున్నరకల్లా క్యారేజీ సిద్ధమైందంటే ఎవరో నాలుగున్నరకు నిద్ర వదులుకున్నారన్న సంగతి, అది రాసేటప్పుడే మొదటిసారి తడుతుంది.

రాసినది అప్పుడప్పుడూ ఆ మనిషి చెవిన వేయాలి. 2005లో మార్టిన్ సెలిగ్మన్ బృందం చేసిన ప్రయోగంలో, మేలు చేసినవారికి ఉత్తరం రాసి స్వయంగా తీసుకువెళ్ళి అందించినవారిలో కలిగిన సంతోషం దాదాపు నెల రోజులు నిలిచింది. మన ఊళ్ళలో ఇది కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. దగ్గరివాళ్ళకు కృతజ్ఞతలు చెబితే పరాయివాళ్ళను చేసినట్టు భావిస్తారు. అందుకని పొగడ్త మాటలు మానేసి, జరిగిన సంగతిని జరిగినట్టు గుర్తుచేస్తే సరిపోతుంది. "మాస్టారూ, పదో తరగతి పరీక్షల ముందు మీరు నాకు డబ్బులు అడగకుండా లెక్కలు చెప్పారు, ఆ మార్కులతోనే నాకు పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది" అంటే చాలు. ఆయన "అదిప్పుడెందుకురా" అని మాట మార్చేసినా, విన్నారు కదా.

దానం విషయం ఇంకొంచెం చిక్కైనది, ఎందుకంటే మనం ఇచ్చేదానిలో పెద్ద భాగం మొహమాటానికి పోతుంది. పెళ్ళిలో చదివింపులు రాసే పుస్తకంలో ఎవరు ఎంత వేశారో ఉంటుంది, వారింట శుభకార్యానికి అంతకు తగ్గకుండా మనమూ వేస్తాం. అది మర్యాదే, అవసరమే. కానీ దానిని దానం లెక్కలో కలపకూడదు. చేబదులు కూడా అంతే. తిరిగి రాదని లోపల తెలిసీ అప్పుగా ఇచ్చి, ఆ మనిషి ఎదురుపడినప్పుడల్లా మొహం ముడుచుకోవడం కన్నా, అడిగినదానిలో ఇవ్వగలిగినంత ఇచ్చి 'ఇది తిరిగి ఇవ్వనక్కర లేదు' అని అప్పుడే చెప్పేయడం ఇద్దరికీ మేలు. మిగిలినదానికి 'నా వల్ల కాదు' అనాలి. ఆ మాట అనడం రానివాళ్ళు ఎంత ఇచ్చినా, మనసులో సణుగుడు తప్ప ఏమీ మిగలదు.

నెల మొదట్లోనే ఒక మొత్తాన్ని పక్కన పెట్టుకోండి. 200 రూపాయలైనా సరే. 2008లో ఎలిజబెత్ డన్, లారా ఆక్నిన్, మైకేల్ నార్టన్ చేసిన ప్రయోగంలో కొందరికి 5 డాలర్లు, కొందరికి 20 డాలర్లు ఇచ్చి, ఆ సాయంత్రంలోగా సగం మందిని తమ కోసం, సగం మందిని ఇతరుల కోసం ఖర్చుపెట్టమన్నారు. ఇతరుల కోసం ఖర్చుపెట్టినవారే ఎక్కువ ఉల్లాసంగా ఉన్నారు, చేతిలో పెట్టిన మొత్తం ఎంతన్నది పెద్ద తేడా చూపలేదు.

డబ్బు కన్నా మనం ఇచ్చే ఒక పూట సమయం విలువైన చోట్లు మన దగ్గర చాలా ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుతో బాధపడే ఇళ్ళలో డయాలసిస్ అంటే సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళడం, వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటల పాటు యంత్రం దగ్గర ఉండడం. రోగికి తోడుగా వెళ్ళే మనిషికి ఆ రోజు కూలి పోతుంది. అటువైపు మీకు బంధువులో స్నేహితులో ఉంటే, నెలకొకసారి ఆ తోడు మీరు వెళ్తే వారింట ఒక రోజు సంపాదన నిలుస్తుంది. అలాగే 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస పరిసరాల్లో తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. తిరిగి నాటిన నాటు కొబ్బరి కాపుకు రావడానికి ఐదేళ్ళకు పైనే పడుతుంది. ఇటువంటి నష్టాలకు మొదటి వారంలో ఒకేసారి ఇచ్చే సాయం కన్నా, ఒక ఇంటి పిల్లవాడి పుస్తకాల ఖర్చును కొన్నేళ్ళపాటు భరించడం ఎక్కువగా అక్కరకు వస్తుంది.

ఆరోగ్యంగా ఉండి, 18 ఏళ్ళు నిండి, 45 కిలోల బరువుకు తగ్గకుండా, హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉన్నవారు రక్తం ఇవ్వవచ్చు. పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి. దీనికి ఖర్చు లేదు, గంటలోపు పని.

ఒక హెచ్చరిక. ఇంట్లో పనిచేసే ఆమెకు జీతం పదో తారీఖు దాటాక ఇస్తూ, సంక్రాంతికి చీర పెట్టి దానం చేశాననుకోవడం పొరపాటు. అలాగే ఆఫీసులో జీతం లేని అదనపు పని నెత్తిన వేస్తే, ఉద్యోగం ఉన్నందుకు సంతోషించాలంటూ సరిపెట్టుకోనవసరం లేదు. రావలసినది అడగడానికి కృతజ్ఞత అడ్డు రాకూడదు.

సంక్రాంతి నెలలో, పైడితల్లి పండగ రోజుల్లో, కోతల సమయంలో ఈ క్రమం తప్పుతుంది. తప్పిన వారాలను కలిపి రాయబోకండి, ఆ నెల ఇవ్వనిదాన్ని వచ్చే నెల మీద వేసుకోకండి. చుట్టాలు వెళ్ళిపోయాక వచ్చే ఆదివారం, కొత్త పేజీలో తేదీ వేసి మూడు సంగతులు రాస్తే సరిపోతుంది.