ఏటి ఒడ్డున గంటన్నర

ప్రయాణంలో నేను వేసిన మొదటి నది బొమ్మను మా చెల్లెలి కూతురికి చూపిస్తే, అది తల అటూ ఇటూ తిప్పి చూసి, "పెద్దమ్మా, ఈ రోడ్డు నీలంగా ఉందేంటి?" అంది. దానికప్పుడు ఆరేళ్లు, నాకు నలభై. మూడు గంటలు ఎండలో కూర్చుని వేసిన బొమ్మ అది. పిల్ల మాటకేంలే అనుకున్నాను గానీ, మళ్లీ చూస్తే నిజంగానే రోడ్డు. రెండు ఒడ్లకు రెండు గీతలు, మధ్యలో ట్యూబులోంచి పిండిన నీలం, అంతే.

ఇది జరిగి పన్నెండేళ్లయింది. ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా అక్కడ ఏరో, వాగో, నదో ఉందా అని ముందు మ్యాప్‌లో చూసుకుంటాను. ఆఫీసు పని మీద వెళ్లినా ఒక పూట మిగుల్చుకుంటాను. ఈలోగా తెలిసిందేమిటంటే, నది బొమ్మలు చాలావరకు కుంచె తడవకముందే చెడిపోతాయి. చూడాల్సింది చూడకుండా కూర్చోవడం వల్ల.

సామాను సంగతి త్వరగా ముగిస్తాను. నచ్చిన చోటు దొరక్కపోతే ఇంకో రెండు కిలోమీటర్లు నడవడానికి భుజం ఒప్పుకునేంత బరువే ఉండాలి. నేను మోజుపడి ఈజిల్ (బొమ్మను నిలబెట్టే స్టాండు) ఒకటి కొన్నాను. రెండుసార్లు మోశాను. ఇప్పుడు దాని మీద తువ్వాళ్లు ఆరేస్తున్నాం. నా సంచిలో ఉండేవి: 300 జీఎస్ఎం (అంటే బాగా మందపాటి) వాటర్ కలర్ పేపర్ బ్లాక్ ఒకటి, గుండ్రటి బ్రష్‌లు రెండు (10, 6 నంబర్లు), అంగుళం వెడల్పు పట్టీ బ్రష్, పెన్సిల్, నాలుగు క్లిప్పులు, పాత కాటన్ గుడ్డ, కూర్చోవడానికి ఫోమ్ ముక్క, నీళ్ల సీసా, రెండు కప్పులు. ఒక కప్పు బ్రష్ కడగడానికి, రెండోది శుభ్రమైన నీళ్లకు. పేపర్ మాత్రం తక్కువ రకం తీసుకోకండి. పల్చటి కాగితం తడవగానే అలలు తేలుతుంది, మనం వేయకుండానే.

రంగులు ఆరే: అల్ట్రామెరైన్ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమ), ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), లెమన్ ఎల్లో, సెరూలియన్ బ్లూ (ఆకాశ నీలం), అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు). మొదటి రెండూ కలిపితే వచ్చే బూడిద రంగులోనే సగం నది ఉంటుంది. వానమబ్బు, తడిరాయి, వంతెన కింది చీకటి, దూరపు చెట్ల వరుస అన్నీ అందులోంచే వస్తాయి. నీలం ఎక్కువైతే చల్లగా, సియెన్నా ఎక్కువైతే వెచ్చగా మారుతుంది. ఆకుపచ్చ ట్యూబు నేను తీసుకెళ్లను. ఉంటే చేయి దాని మీదికే పోతుంది, చెట్లన్నీ ప్లాస్టిక్ అయిపోతాయి.

ఇంత తేలిగ్గా బయల్దేరగలగడం వెనక ఒక చిన్న కథ ఉంది. ఒకప్పుడు నూరిన ఆయిల్ రంగుల్ని పంది మూత్రాశయపు తిత్తుల్లో మూటగట్టి మోసేవారు. ఒకసారి పొడిచాక అవి సరిగ్గా మూసుకునేవి కావు. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నలిపితే రంగు వచ్చే తగరపు ట్యూబుకు పేటెంట్ తీసుకున్నాడు. ఆ తర్వాతే చిత్రకారులకు ఆరుబయట ఆయిల్ రంగులు వాడటం తేలికైంది. ఫ్రాన్స్‌లో దోబిన్యీ అనే చిత్రకారుడు 1857లో ఒక పడవనే స్టూడియోగా మార్చుకుని సెన్, వాజ్ నదుల మీద తిరుగుతూ బొమ్మలు వేశాడు. మరో ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే ఆ దారిలోనే తనకూ ఒక పడవ అమర్చుకున్నాడు. మన ప్రయాణాలకు వాటర్ కలరే మేలు. ఆయిల్ అయితే తడి కాన్వాస్ మోయాలి, ఆ రంగును పల్చబరిచే టర్పెంటైన్‌ని విమానంలోకి రానివ్వరు.

ఇక నడక. చేరగానే సంచి విప్పకండి. కనీసం అరగంట ఒడ్డు వెంట, ముందు ఎగువకు, తర్వాత దిగువకు నడవండి. నది వంపు తిరిగిన చోట రెండు ఒడ్లూ ఒకేలా ఉండవు. వంపు బయటి వైపు నీరు వేగంగా వచ్చి కోస్తుంది కాబట్టి ఆ ఒడ్డు నిటారుగా, నీరు లోతుగా ఉంటాయి. లోపలి వైపు నెమ్మదించి ఇసుకను వదిలేస్తుంది, అక్కడ తిన్నెలు పడతాయి. నాకు నచ్చేది బయటి వైపు ఎత్తు గట్టు, అంచుకు నాలుగడుగులు వెనక్కి. అక్కణ్ణుంచి నది రావడం, తిరగడం, పోవడం మూడూ కనిపిస్తాయి. అంచు మీద మాత్రం కూర్చోకండి. కింద నీరు తొలిచేసి, పైన గడ్డి మాత్రమే పట్టుకుని ఉన్న గట్లను చాలా చూశాను.

ఇసుక తిన్నెల మీద కూర్చోవాలంటే ఇంకో జాగ్రత్త ఉంది. ఎగువన ఆనకట్ట ఉంటే, ఇక్కడ చినుకు లేకపోయినా నీరు పెరగొచ్చు. ఒకసారి నేను ఆకాశం వేస్తూ మైమరచి, కాలికి చల్లగా తగిలేదాకా చూసుకోలేదు. చెప్పులు ఒకటి దొరికింది, ఒకటి దొరకలేదు. అప్పటినుంచి కూర్చోగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చుతాను. పది నిమిషాలకోసారి చూస్తాను. పుల్ల తడిస్తే బొమ్మ ఎక్కడున్నా సరే, లేచిపోవడమే.

చోటు కుదిరాక వెలుగు ఎటునుంచి వస్తోందో చూడండి. ఎండ పక్కనుంచి పడితే ఒడ్డుకు, చెట్లకు ఆకారం వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అదే సుఖం. పొద్దుకు ఎదురుగా కూర్చుంటే నీరు వెండిలా మెరుస్తుంది, తక్కినదంతా నల్లటి ఆకారాలుగా మిగులుతుంది. అదీ బాగుంటుంది, రంగులు తక్కువ పడతాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు మాత్రం నేను వేయను, నిద్రపోతాను. సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతాడు. గంటన్నరలో 22 డిగ్రీల పైమాటే. మొదట్లో చూసిన నీడ చివరికి అక్కడ ఉండదు. అందుకే కూర్చోగానే నీడల హద్దుల్ని పెన్సిల్‌తో గీసేసుకుని, ఆ తర్వాత అవి ఎటు జరిగినా పట్టించుకోను. మోనే దీనికి ఇంకో దారి పట్టాడు. 1896, 1897ల్లో సెన్ నది మీద ఉదయాల్ని వేస్తున్నప్పుడు తెల్లవారకముందే పడవలోకి చేరి, వెలుగు మారగానే కాన్వాస్ మార్చేసేవాడు. మనకు అన్ని కాన్వాసులూ లేవు, అన్ని ఉదయాలూ లేవు. కాబట్టి గంటన్నరకు మించి కూర్చోవద్దు.

అసలు బొమ్మకు ముందు అగ్గిపెట్టె సైజు డబ్బాలు మూడు గీసి, ఒక్కోదానిలో రెండు నిమిషాల చిన్న బొమ్మ వేయండి. మూడే ఛాయలు: తెలుపు, మధ్యస్థం, ముదురు. ఆకాశం ఎక్కువ కావాలా, నీరు ఎక్కువ కావాలా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. రెండూ సగం సగం పెడితే బొమ్మ మధ్యకు చీరినట్టుంటుంది.

నా నీలం రోడ్డు సంగతి ఇక్కడే వస్తుంది. మనకు నది వెడల్పని తెలుసు కాబట్టి కాగితం మీద కూడా వెడల్పుగానే గీస్తాం. అప్పుడది పడుకోవాల్సింది పోయి గోడలా లేచి నిలబడుతుంది. నీటి అంచున కూర్చున్నప్పుడు మీ కన్ను నీటికి మీటరు ఎత్తున ఉందనుకోండి. చేయి చాచి పెన్సిల్ నిలువుగా పట్టుకుని, కంటి మట్టం నుంచి కిందికి కొలవండి. పది మీటర్ల దూరంలోని నీరు సుమారు 6 సెంటీమీటర్ల కింద ఉంటుంది. వంద మీటర్ల దూరంలోది 6 మిల్లీమీటర్ల కిందే! అంటే ఆ వంద మీటర్ల తర్వాత అవతలి ఒడ్డు దాకా ఉన్న నీరంతా ఆ 6 మిల్లీమీటర్లలోనే ఇరుక్కుని ఉంది. మొదటిసారి కొలిచినప్పుడు పెన్సిల్ తప్పేమో అనుకుని ఇంకో పెన్సిల్‌తో చూశాను. దూరపు వంపులు దాదాపు అడ్డగీతల్లా రావాలి. దగ్గరికొచ్చేకొద్దీ తెరుచుకోవాలి. ఇది ఒక్కటి కుదిరితే నది పడుకుంటుంది.

తర్వాత రంగు. నీటికి సొంత రంగు చాలా తక్కువ. కాళ్ల దగ్గర నిటారుగా కిందికి చూస్తే, పడిన వెలుగులో నూటికి రెండు వంతులే తిరిగి వస్తుంది. అందుకే అక్కడ అడుగున రాళ్లు, ఇసుక, బురద కనిపిస్తాయి. దూరంగా, ఏటవాలుగా చూసేకొద్దీ నీరు అద్దమవుతుంది, ఆకాశమే కనిపిస్తుంది. కాబట్టి ఒకే నదిలో దగ్గర గోధుమ, దూరాన బూడిద లేదా లేతనీలం ఉండటం సహజం. పట్టీ బ్రష్‌తో పై నుంచి ఆకాశపు రంగుతో మొదలుపెట్టి, కిందికి వచ్చేకొద్దీ ఆకర్, సియెన్నా కలుపుతూ ఒకే తడిలో దింపేయండి. మధ్యలో ఆగొద్దు, వెనక్కెళ్లి దిద్దొద్దు. ఇంకో మాట, పోలరైజ్డ్ కళ్లజోడు తీసేయండి. నీటి మెరుపును తగ్గించడానికే అది ఉంది. ఒక పూటంతా అది పెట్టుకుని వేసి, తీశాక నది వేరేగా ఉందని తెలుసుకున్న మనిషిని నేను.

ప్రతిబింబాలకు కొన్ని గుర్తులున్నాయి. ప్రతిబింబం ఎప్పుడూ ఆ వస్తువు కిందే నిలువుగా దిగుతుంది, పక్కకు పోదు. పక్కకు పోయేది నీడ. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. తేటనీటి మీద నీడ పెద్దగా కనిపించదు, బురదనీటి మీద బాగా పడుతుంది. ముదురు చెట్టు నీటిలో కాస్త తేలికపడుతుంది, తెల్లగోడ కాస్త మసకబారుతుంది. వంతెన ప్రతిబింబంలో దాని అడుగు భాగం కనిపిస్తుంది, ఎందుకంటే నీరు దాన్ని కిందనుంచి చూస్తోంది. పైబొమ్మను తలకిందులు చేసి దించేస్తే తప్పని ఇట్టే తెలిసిపోతుంది. చిన్న అలలుంటే ప్రతిబింబం మన వైపుకు సాగి, అడ్డంగా ముక్కలవుతుంది. మొదటి వాష్ (నీళ్లతో పల్చగా పరిచిన రంగు) ఇంకా చెమ్మగా ఉండగానే ప్రతిబింబాన్ని నిలువుగా లాగి, ఆరాక దాని మీద నాలుగైదు అడ్డగీతలు వేస్తే చాలు. నాలుగైదే! ప్రతి అలనూ వేయాలన్న ఆశ నాకు నాలుగేళ్లు పట్టి పీడించింది. ఆ బొమ్మలన్నీ రేకుల షెడ్డులా ఉంటాయి.

మెరుపులకు కాగితాన్ని తెల్లగా వదలాలి. బ్రష్‌ను దాదాపు పొడిగా తుడిచి, పడుకోబెట్టి వేగంగా లాగితే గరుకు కాగితపు గుంటల్లో తెలుపు మిగిలిపోతుంది. అదే ఎండలో నీటి తళుకు. ఇది మాత్రం పనికిరాని కాగితం వెనక ఒక ఇరవైసార్లు చేస్తేగానీ పట్టుబడదు.

కాగితం మీద నేరుగా ఎండ పడకూడదు. ఆ వెలుగుకి కళ్లు చెదిరి ముదురు రంగులు వేస్తాం. ఇంట్లో చూస్తే బొమ్మ సాయంత్రంలా ఉంటుంది. చెట్టు లేకపోతే మీ ఒంటి నీడనైనా దాని మీద పడనివ్వండి. చెట్టు కింద కూర్చునే ముందు చీమలున్నాయేమో చూడండి, ఎందుకో చెప్పను. తెల్లవారుజామున పొగమంచులో ఏ వాష్ తొందరగా ఆరదు. అప్పుడు రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని, ఒకటి ఆరేలోపు ఇంకోటి వేస్తాను. రంగు కలిసిన నీళ్లను నదిలో పారబోయకండి. కాడ్మియం, కోబాల్ట్ లాంటివి కొన్ని రంగుల్లో ఉంటాయి. మూత బిగించి తెచ్చుకోవడానికి నేను ఇంకో ఖాళీ సీసా పెట్టుకుంటాను.

బొమ్మ కుదరని రోజులూ ఉంటాయి. గాలి ఎక్కువైతే, జనం గుమిగూడితే, బస్సుకు టైమైతే టెన్షన్ పడకుండా బ్రష్ పక్కన పెట్టేసి చూడండి. విస్లర్ అనే చిత్రకారుడు లండన్‌లో థేమ్స్ నది రాత్రుల్ని అలాగే వేశాడు. ఒడ్డున నిలబడి బాగా చూసి, స్టూడియోకు వెళ్లి గుర్తు తెచ్చుకుంటూ. నేను కళ్లు మూసుకుని నాకు నేనే చెప్పుకుంటాను: ఎడమన ముదురు, దూరాన లేత, నీటిలో ఆకాశం కంటే ఒక ఛాయ తక్కువ. గదికి చేరాక ఆ మూడు ముక్కల నుంచే మొదలవుతుంది.

వేసిన ప్రతి కాగితం వెనకా తేదీ, టైము, గాలి ఎటువైపుదో రాయండి. జాన్ కాన్‌స్టబుల్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు 1821, 1822ల్లో వేసిన మబ్బుల బొమ్మల వెనక ఇలాంటివి రాసుకునేవాడు. నేను వాసనలు కూడా రాస్తాను. మొన్న మా చెల్లెలి కూతురు ఆ కాగితాల కట్ట విప్పింది. ఇప్పుడు దానికి పద్దెనిమిది. ఒక బొమ్మ వెనక "ఉదయం 6:40, ఎదురుగాలి, తడి గడ్డి, ఒక చెప్పు పోయింది" అని చదివి, ముందు వైపు తిప్పి చాలాసేపు చూసింది. "ఇది నదే, పెద్దమ్మా. ఆ రోడ్డు బొమ్మ ఎక్కడుంది?" అని అడిగింది. అది కట్ట అడుగున ఉంది.