బావ మాటా వినాలి, అడుగుల చప్పుడూ వినాలి

కడపలో నేను, కర్నూలులో మా బావ. రాత్రి పది దాటాక కలిసి ఆడతాం. తను వాయిస్ చాట్‌లోకి రాగానే నా హెడ్‌సెట్‌లో గేమ్ సౌండ్ పడిపోయేది. వెనకనుంచి వచ్చేవాడి అడుగుల చప్పుడు అస్సలు తెలిసేది కాదు. హెడ్‌సెట్ పోయిందేమోనని టెన్షన్ పడ్డాను.

అసలు కారణం విండోస్‌లో ఉంది. కాల్ మొదలవగానే మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించే సెట్టింగ్ ముందునుంచే ఆన్‌లో ఉంటుంది. పాత కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరిచి, కమ్యూనికేషన్స్ ట్యాబ్‌లో ‘డూ నథింగ్’ పెట్టండి.

తర్వాత కంప్యూటర్‌లో మేం మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో వాయిస్ సెట్టింగ్స్‌కి వెళ్లి, అటెన్యుయేషన్ (మిగతా శబ్దాలను తగ్గించే) స్లైడర్ 30 శాతం దగ్గర ఉంచి, ఇతరులు మాట్లాడినప్పుడు తగ్గించే ఆప్షన్ ఆన్ చేయండి. అవతలివాళ్లు మాట్లాడినంతసేపే గేమ్ కాస్త తగ్గి, మళ్లీ పైకొస్తుంది. మా గదిలో ఎండాకాలం ఫ్యాన్ మోత ఎక్కువ, అప్పుడు 40 పెడతాను.