పాముకాటు కేసుతో పాఠం: కాగితం ముందు, ఫోన్ తర్వాత

శెనక్కాయ చేలల్లో కలుపు పనులు మొదలయ్యాయంటే అనంతపురం, కర్నూలు, కడప బోధనాసుపత్రుల క్యాజువాలిటీలకు పాముకాటు కేసులు తప్పవు. ఎంబీబీఎస్ పిల్లలకు కేసు స్టడీ కోసం అరుదైన జబ్బులు వెతకనక్కర్లేదు. హౌస్‌సర్జన్‌గా నైట్ డ్యూటీలో ఒంటరిగా ఎదుర్కోవాల్సిన ఈ కేసే మేలు.

ముందు కేస్‌షీట్ నుంచి మనిషి ఆనవాళ్లు తీసేయాలి. పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు కొట్టేస్తే చాలదు. ఊరు, తేదీ కూడా పోవాలి. గాయం ఫోటోకు రాతపూర్వక అనుమతి కావాలి. ఫోటోలో పచ్చబొట్టు చూసుకోండి, మన పల్లెల్లో ఏకంగా పేరే పొడిపించుకుంటారు. ఫోన్ ఫోటోలో దాగే లొకేషన్ వివరం కూడా చెరిపేయండి. కాటు పడి ఎన్ని గంటలైంది, పరీక్షల అంకెలేమిటి అన్నవి మాత్రం మార్చొద్దు. అవి మారితే కేసే మారిపోతుంది.

కేసును మూడు కాగితాలుగా విడగొట్టండి. గుంపుకు ఎనిమిది మందికి మించితే వెనక కూర్చున్నవాళ్లు నోరు విప్పరు.

మొదటి కాగితం: నలభై ఏళ్ల రైతు కూలీ, పాదం మీద కాటు, గంటన్నర అయింది, కాలు వాచింది, పైన తాడు బిగించి కట్టారు, పామును ఎవరూ చూడలేదు. పది నిమిషాలిచ్చి ఏమడగాలో, ఏం పరీక్ష చేయాలో ఎవరికి వాళ్లను రాయమనండి. ఫోన్లు జేబులోనే ఉండాలి. ముందే తీస్తే వేగంగా వెతికేవాడు జవాబు చెప్తాడు, మిగతావాళ్లు తలూపుతారు.

రెండోది: చిగుళ్ల నుంచి రక్తం. 2 మి.లీ. రక్తం గొట్టంలో తీసి, కదపకుండా 20 నిమిషాలుంచి, ఒక్కసారి వంచితే గడ్డకట్టకుండా జారింది. 'ఏ గొట్టం?' అని ఒక్కరైనా అడగాలి. అడగకపోతే మీరే అడగండి. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు గొట్టమే కావాలి. ప్లాస్టిక్‌దైనా, సబ్బుపొడితో కడిగిందైనా మామూలు రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. అనుమానముంటే ఆరోగ్యవంతుడి రక్తాన్ని పక్కన మరో గొట్టంలో పెట్టి పోల్చాలి.

ఇప్పుడు ఫోన్లు తీయొచ్చు, పదిహేను నిమిషాలు. ఒక జట్టుకు కేంద్ర ఆరోగ్యశాఖ 2017 పాముకాటు చికిత్సా మార్గదర్శకాలు, ఇంకో జట్టుకు ఆగ్నేయాసియాకు డబ్ల్యూహెచ్‌ఓ 2016లో ఇచ్చినవి, మూడో జట్టుకు ఎన్‌సీబీఐ బుక్‌షెల్ఫ్ అనే అమెరికా ఆన్‌లైన్ పుస్తకాల గూటిలోని స్టాట్‌పెర్ల్స్ వైద్య వ్యాసాలు. మూడూ ఉచితమే. వార్డులో సిగ్నల్‌ను నమ్ముకోకుండా పీడీఎఫ్‌లు ముందురోజే దించుకోండి. 'చికిత్స ఏమిటి' అని అడగొద్దు. 'ఎక్కడ తేడా ఉంది, ఎందుకు' అని అడగండి. ఇక్కడే గట్టి పొరపాటు జరుగుతుంది: అమెరికా వ్యాసం రాటిల్‌స్నేక్ గురించి చెప్తుంటే, ఆ మందూ ఆ మోతాదూ మన కేసుకు అంటగడతారు. మన విషం విరుగుడు మందు (దాని చిన్న సీసానే వయల్ అంటారు) నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి నాలుగింటికీ కలిపి చేసింది; మొదటి మోతాదు 8 నుంచి 10 వయల్స్. చిన్నపిల్లలకూ అంతే, ఎందుకో వాళ్లచేతే చెప్పించండి. పిల్లవాడని పాము విషం తగ్గించి ఎక్కించదు కదా!

మూడో కాగితం: మందు ఎక్కుతుండగా దద్దుర్లు, వాంతి, బీపీ పడిపోయింది. డ్రిప్ ఆపాలి, అడ్రినలిన్ 0.5 మి.గ్రా. తొడ కండలోకి ఇవ్వాలి. ఇది పెద్దల మోతాదు. పిల్లలకు బరువును బట్టి లెక్క. 'ముందే సిరంజిలో తీసి ఉంచారా?' అని ఇక్కడ నిలదీయండి. స్థిమితపడ్డాక డ్రిప్ మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టడం, ఆరు గంటలకు గొట్టం పరీక్ష మళ్లీ చేయడం వాళ్ల నోటి నుంచే రావాలి.

చివర్లో మొదటి కాగితం మీద తాము రాసింది ఎర్ర పెన్నుతో దిద్దుకోమనండి. ఆ కాగితాలు తీసి దాచండి. పై వారం అదే గుంపుకు ఇంకో కేసు: నేల మీద పడుకున్నవాడు, తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలుతున్నాయి, కాటు గుర్తు లేదు, రక్తం చక్కగా గడ్డకట్టింది. ఎంతమంది కట్లపాము అని రాస్తారో చూడండి.