కారు బంపర్ క్లిప్పులు మాటిమాటికీ ఊడిపోతున్నాయా?
వానాకాలం హైదరాబాద్‌లో నీళ్ళు నిలిచిన రోడ్ల మీద వెళ్ళేవాళ్ళు ఒకసారి వంగి బంపర్ కింద చూసుకోండి, అక్కడ ఉండే ప్లాస్టిక్ క్లిప్పులు ఎండకి పెళుసుబారి ఒక్కోటి ఊడిపోతుంటాయి, తర్వాత నీళ్ళ ఒత్తిడికి కింది కవర్ వేలాడి రోడ్డుకి రాసుకుంటుంది. నాకు రెండుసార్లు అయింది. మళ్ళీ అవే క్లిప్పులు కొనకుండా హార్డ్‌వేర్ షాపులుండే రాణిగంజ్ వెళ్ళి స్టెయిన్‌లెస్ స్టీల్ ఎం6 (6 మి.మీ. మందం) బోల్టులు, వెడల్పు వాషర్లు, యూ ఆకారంలో ఉండే క్లిప్ నట్లు తెచ్చుకున్నా. ఆ నట్టు రేకు అంచుకి తొడిగితే చాలు, వెనక చెయ్యి పెట్టి పట్టుకోనక్కర్లేదు. కొనేముందు పాత క్లిప్పు తీసుకెళ్ళండి, రంధ్రం సైజు, రేకు మందం బండిబండికీ వేరు.

బిగించేది మాత్రం చేత్తోనే అండీ, వాషర్ ఆనాక ఇంకో పావు తిప్పు చాలు, మెకానిక్‌లు వాడే బోల్టు గన్ పెట్టి బిగిస్తే ప్లాస్టిక్ చీలిపోతుంది. ఇంకోటి, పక్కన ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) దగ్గరవి, పైనవి కంపెనీ క్లిప్పులే ఉంచండి, దేనికైనా తగిలినప్పుడు ముందు క్లిప్పు ఊడాలి గానీ బంపర్ చిరగకూడదు. నేను కిందవి మాత్రమే మార్చా.