థాయ్‌లాండ్‌కు ఇంగ్లిష్ చెప్పడానికి పోతున్నారా? పెట్టెలో ఇవి పెట్టుకోండి

మా ఇంట్లో వసారా దూలానికి ఒక కొక్కెం ఉంటుంది. బియ్యం బస్తాలు తూచడానికి బాపు పెట్టించాడు. నేను మొదటిసారి థాయ్‌లాండ్ పోయే ముందు రాత్రి నా పెట్టెను దానికే వేలాడదీసి తూచాం. 31 కిలోలొచ్చింది. నా టికెట్లో పెట్టెకు 20 కిలోలే ఇచ్చారు, చేతి సంచికి 7. "గిన్ని పుస్తకాలెందుకు బిడ్డా, ఆడ పుస్తకాలుండయా?" అంది అమ్మ. అర్ధరాత్రి దాకా కూర్చుని 11 కిలోలు తీసేశాను. అందులో తొమ్మిది కిలోలు గ్రామరు పుస్తకాలూ, నెలరోజులు కష్టపడి లామినేట్ చేయించిన యాపిల్, బంతి, పిల్లి బొమ్మల కార్డులూ. హన్మకొండలో మా అటక మీద అవి ఇప్పటికీ ఉన్నాయి. అక్కడున్న రెండేళ్లలో వాటి అవసరం నాకు ఒక్కరోజు కూడా రాలేదు. అవసరమైన వాటిని మాత్రం వెంట తీసుకుపోలేదు. అవన్నీ మొదటి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఏరుకుని పట్టుకుపోయాను.

మొన్న మా వాడకట్టు అమ్మాయి ఒకామె వచ్చి, "అక్కా, నాకు ఉద్యోగం ఖాయమైంది, ఏమేం పట్కపోవాలె?" అని అడిగింది. బీఈడీ అయింది కానీ, క్లాసులో పాఠం చెప్పిన అనుభవం ఇంకా లేదు. ఆమెకు చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేను పనిచేసింది ఈశాన్య థాయ్‌లాండ్‌లోని ఉడాన్ థానీలో, ఒక మామూలు స్కూల్లో. క్లాసుకు నలభై మందికి పైనే పిల్లలు. అన్నీ స్కూలే ఇస్తుందని ఉద్యోగం ఇప్పించినవాళ్లు చెప్పారు. తీరా వెళ్తే పాఠ్యపుస్తకం, తెల్ల బోర్డు, పనిచేయని ప్రొజెక్టరు ఉన్నాయి. యాపిల్, పిల్లి బొమ్మలైతే గోడ నిండా అంతకుముందే అంటించి ఉన్నాయి. నేను మళ్లీ యాపిల్ చూపిస్తే ఆ పిల్లలు నన్ను అడగడానికి ఏముంటుంది? వాళ్లకు తెలియనిదీ, మనకు బాగా తెలిసినదీ ఏదైనా చేతిలో పెడితేనే ప్రశ్న పుడుతుంది. ప్రశ్న పుడితేనే ఇంగ్లిష్ నోట్లోంచి బయటికొస్తుంది. పెట్టెలోకి ఏది పోవాలో తేల్చేటప్పుడు నేను చూసే పరీక్ష ఇదొక్కటే: దీన్ని చూసి పిల్లవాడు నన్ను ఏమడుగుతాడు?

అన్నిటికంటే ముందు ఫొటోలు. ఫోన్లో ఉన్నాయి కదా అనుకోవద్దు. నలభై మంది ఒక్క ఫోన్ చుట్టూ చేరలేరు. స్టూడియోలో 4×6 అంగుళాల సైజులో ప్రింట్లు తీయించండి. నేను తీసుకుపోయిన వాటిలో ఎక్కువ పనికొచ్చినవి బతుకమ్మ ఫొటోలు, మొత్తం పది. ఊరి బయట తంగేడు పూలు తెంపడం, గునుగు కట్టలు, వాటిని రంగుల్లో ముంచడం, అమ్మ శిబ్బిలో గుమ్మడాకులు పరవడం, వరుస మీద వరుస పేర్చడం, పైన పసుపు గౌరమ్మను పెట్టడం, ఎత్తుకుని పోవడం, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టడం, పద్మాక్షి గుట్ట దగ్గర నీళ్లలో వదలడం, మలీద పంచుకోవడం.

ఈ పదింటినీ కలిపేసి ఒక్కో జట్టుకు ఒక్కో కట్ట ఇచ్చాను. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇంగ్లిష్‌లోనే చెప్పి వరుసలో పెట్టాలి. తొమ్మిదో ఫొటో దగ్గరికి వచ్చేసరికి క్లాసంతా లేచింది. వాళ్లకు లాయ్ క్రథోంగ్ అనే పండుగ ఉంది. వాళ్ల పన్నెండో చాంద్రమాసం పున్నమి రోజు, అంటే మన లెక్కన సాధారణంగా నవంబరులో, అరటిబోదె ముక్క మీద ఆకులు, పూలు పేర్చి, కొవ్వొత్తి వెలిగించి నీళ్లలో వదులుతారు. అప్పటిదాకా నోరు విప్పని ఒక పిల్లవాడు ఫొటో పైకెత్తి పట్టుకుని, "టీచర్, కొవ్వొత్తి ఎక్కడ?" అని ఇంగ్లిష్‌లో అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతో మూడు పీరియడ్లు నడిచాయి. మీది మునుగుతుందా, మాది తేలుతుంది, మీరు పాడతారా, మగవాళ్లు ఎందుకు పేర్చరు? ప్రతి దానికీ నా దగ్గర నిజమైన జవాబుంది. మీరూ మీ ఇంటి ఫొటోలే తీసుకోండి. ఇంటర్నెట్లో దొరికే ఫొటోలో ఆ ఆకులు పరుస్తున్నది మీ అమ్మ కాదు. ఆ సంగతి పిల్లలకు తెలిసిపోతుంది.

పువ్వులు మాత్రం పెట్టెలో పెట్టుకోవద్దు. ఎండిన గునుగు తీసుకుపోతే బాగుంటుందని నాకూ అనిపించింది. ఏ దేశంలోనైనా మొక్కలు, విత్తనాలు అంటే విమానాశ్రయంలో తనిఖీ ఉంటుంది. కొత్త ఉద్యోగానికి పోతూ అక్కడ నిలబడటం మంచిది కాదు.

లామినేషన్ గురించి ఒక లెక్క చెప్తాను. మామూలు ఎ4 కాగితం ఒకటి 5 గ్రాములు. మందం ప్లాస్టిక్‌తో లామినేట్ చేయిస్తే 20 గ్రాములు దాటుతుంది. అంటే యాభై కార్డులు లామినేట్ చేయిస్తే కిలోకు పైనే. అందుకే ఫొటోలను పారదర్శకమైన ప్లాస్టిక్ జేబులున్న ఫైల్లో పెట్టుకోండి. ఎక్కువమంది చేతులు మారేవి ఒక పదో పన్నెండో ఉంటాయి, వాటికి మాత్రమే లామినేషన్ చేయించండి.

రెండోది దండెం తాడు, ఒక డజను బట్టల క్లిప్పులు. పెట్టెలో చెప్పుల జత మధ్య దూరిపోతాయి. మొత్తం పెట్టెలో నేను ప్రతిరోజూ వాడిన వస్తువు ఇదొక్కటే. థాయ్ భాషలో మన క్రియల్లాగా నిన్నకు, ఇవాళకు, రేపటికి రూపం మారదు. "వెళ్లాను, వెళ్తున్నాను" అనే తేడా వాళ్లు వేరే మాట చేర్చి చెప్తారు. కాబట్టి ఇంగ్లిష్ కాలాలు వాళ్లకు కొత్త. నోటితో ఎంత వివరించినా ఎక్కలేదు. అప్పుడు నాలుగు మీటర్ల తాడును కిటికీ నుంచి తలుపు దాకా కట్టాను. ఎడమ చివర నిన్న, నడుమ ఇప్పుడు, కుడి చివర రేపు. పిల్లలు తమ గురించి కాగితం ముక్క మీద ఒక వాక్యం రాసి తెచ్చి, ఎక్కడ వేలాడదీయాలో వాళ్లే తేల్చుకోవాలి. తప్పు చోట పెడితే వెనకాలవాళ్లే అరుస్తారు. అదే తాడు మీద ఇంకో రోజు మాటలను విడివిడిగా వేలాడదీసి వాక్యం కూర్చమన్నాను. మరో రోజు తాడును నేల మీద పరిచి, అటు నిజం, ఇటు అబద్ధం అని గెంతించాను. ఒక్క వస్తువుకు ఐదారు పనులు చెప్పగలిగితేనే అది బరువుకు తగ్గ విలువైనది. ఒక్క పనికే వచ్చే దాన్ని ఎంత ముచ్చటపడి కొన్నా ఇంట్లో వదిలేయండి.

మూడోది పగలని చిన్న అద్దాలు. గాజుల దుకాణంలో దొరికే ప్లాస్టిక్ చట్రం అద్దాలు ఐదారు చాలు. ఉచ్చారణ విషయంలో మనమూ, వాళ్లూ చెరో వైపు ఉంటామని నాకు అక్కడికి పోయాకే అర్థమైంది. మనం ఇంగ్లిష్ మాట చివర అచ్చు చేరుస్తాం. బస్ అనేది బస్సు అవుతుంది, కార్ కారు అవుతుంది. థాయ్ పిల్లలు దానికి ఎదురు, చివరి హల్లును మింగేస్తారు. హౌస్ అనమంటే హౌ దగ్గరే ఆగిపోతారు. షూస్‌కూ, చూజ్‌కూ తేడా వినిపించదు, ర వచ్చిన చోట ల పలుకుతుంది. ఇక పైపళ్లు కింది పెదవికి తగిలించి పలికే ఇంగ్లిష్ V శబ్దం వాళ్ల భాషలో లేదు. మనం కూడా చాలామందిమి దాన్ని సరిగ్గా పలకం. కాబట్టి నేనూ అద్దం పట్టుకుని పిల్లలతో పాటే కూర్చుని నేర్చుకున్నాను. వ్యాన్ అన్నప్పుడు పళ్లు పెదవికి తగిలాయా లేదా అని ఎవరి అద్దంలో వాళ్లు చూసుకోవాలి. పోయే ముందు ఇంట్లో వారం రోజులు మీరు ఈ సాధన చేయండి. పెట్టెలో చోటు పట్టని సామాను ఇదే.

ఆటల్లో నాకు బాగా పనికొచ్చింది అష్టా చెమ్మా. పాత నూలు గుడ్డ మీద చెరగని మార్కరుతో ఐదు వరుసలు, ఐదు నిలువులు గీసుకోండి. మడిస్తే జేబురుమాలంత అవుతుంది. గవ్వల బదులు నాలుగు పెద్ద కోటు గుండీలు తీసుకుని ఒక పక్కే రంగు వేయండి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా అంటే నాలుగు, అన్నీ బోర్లా పడితే అష్టా అంటే ఎనిమిది. నీ వంతు, నాకు మూడు పడ్డాయి, నిన్ను చంపేశాను, మళ్లీ వెయ్యి — వందసార్లు అవే మాటలు, కానీ ఏ పిల్లవాడికీ విసుగు రాదు. అలాంటి గుడ్డలు నాలుగైదు చేసుకుంటే క్లాసంతా ఆడొచ్చు. హౌసీ టికెట్ల పుస్తకం కూడా ఒకటి పెట్టుకోండి. థర్టీన్, థర్టీల తేడా చెవికి పట్టించడానికి అంతకు మించింది లేదు. పేక ముక్కలు మాత్రం వద్దు. ఆ దేశంలో 1935లో చేసిన పేకముక్కల చట్టం ఉంది. 2016లో పట్టాయాలో బ్రిడ్జి ఆడుకుంటున్న పెద్దవయసు విదేశీయులను కూడా పోలీసులు పట్టుకుపోయారు.

ఒకటే ఖరీదైన వస్తువు కొనాలంటే చిన్న చేర్యాల పటం కొనండి. చేర్యాలలో నకాషీ చిత్రకారులు గుడ్డ మీద గీసే ఈ పటం కథ చెప్పడానికే పుట్టింది. పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ, ఒక్కో గడిని చూపిస్తూ కథకులు ఊరూరా కులపురాణాలు చెప్పేవాళ్లు. అంటే మన చేతిలో ఉన్నది ఏనాటి నుంచో ఉన్న బోధనా సామగ్రి. మూడు నాలుగు గడులున్నది చుట్టి అట్టగొట్టంలో పెడితే చేతి సంచిలో పడుతుంది. నేను ఒక గడి తెరిచి, మిగతాది మూసి, తర్వాత ఏమవుతుందని అడిగేదాన్ని. చేర్యాల మాస్కు దొరికితే ఇంకా మంచిది. రంపపుపొట్టు, చింతగింజల పిండి ముద్దతో చేస్తారు కాబట్టి అరచేతి సైజుది తేలికగానే ఉంటుంది. సిగ్గుపడే పిల్లలు మాస్కు ముఖానికి అడ్డం పెట్టుకుంటే ధైర్యంగా మాట్లాడతారు. మా క్లాసులో ఒకమ్మాయి ఏడాదంతా మాస్కు వెనక నుంచే ఇంగ్లిష్ మాట్లాడింది. నేను వద్దనలేదు.

కాగితాల్లో ఇంట్లో పడి ఉండేవే పనికొస్తాయి. ఒక పెళ్లి పత్రిక. కొత్త పది రూపాయల నోట్లు నాలుగు. వెనకవైపు కోణార్క ఆలయం ఉంటుంది, పక్కన చిన్న గడిలో పదిహేను భాషలుంటాయి. వాటిలో నాది ఏదో కనిపెట్టమంటే భూతద్దం కావాలంటారు. వాళ్ల నోట్లతో మాత్రం ఆటలు ఆడించొద్దు. వాటి మీద రాజు బొమ్మ ఉంటుంది, కింద పడి కాలు తగిలితే పెద్ద తప్పు. ఆర్టీసీ జీరో టికెట్ కూడా ఒకటి పెట్టుకోండి. మన తెలంగాణ ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి బస్సు ఉచితం కదా, ధర దగ్గర సున్నా చూసి పెద్ద క్లాసు పిల్లలు ఎందుకని అడిగారు. మంచిదా కాదా అని వాదించుకున్నారు. ఆ టికెట్ అచ్చు కొన్నాళ్లకు వెలిసిపోతుంది, ముందే జిరాక్స్ తీయించుకోండి.

పుస్తకాలు రెండే. ఒకటి మీకు అలవాటైన గ్రామరు పుస్తకం, అది మీ కోసం, పిల్లల కోసం కాదు. రెండోది మీరే కుట్టుకునే పలుచని కథల కట్ట. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, అచ్చు వేసుకోవడానికి అనుమతి కూడా ఉంది. మన పిల్లలు, మన వీధులు ఉన్న కథలు నాలుగు ఏరుకోండి. నిఘంటువు ఫోన్లో దించుకుంటే చాలు.

మార్కర్లు, జిగురు, రంగు కాగితాలు, స్టాప్లర్ అన్నీ అక్కడ వీధి చివర దొరుకుతాయి. ఎర్ర పెన్నుతో పిల్లల పేర్లు రాయొద్దు, వాళ్లకది అశుభం. నేను ఆకుపచ్చ పెన్నుతో దిద్దేదాన్ని. డిగ్రీ, బీఈడీ అసలు పట్టాలు, టోయిక్ లేదా ఐఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష స్కోరు కాగితం, ఫొటోలు చేతి సంచిలోనే ఉండాలి. పవర్ బ్యాంకు కూడా అందులోనే, కత్తెర మాత్రం పెట్టెలో.

చివరగా ఒక రికార్డింగు. ప్రయాణానికి ముందు ఒకరోజు కాజీపేట జంక్షన్‌కు పోయి, ఫోన్లో ప్రకటనలు రికార్డు చేసుకోండి. తెలుగు, హిందీ అయ్యాక ఇంగ్లిష్‌లో బండి నంబరు, ఊరు, ప్లాట్‌ఫాం చెప్తారు కదా, అది. మొదటిసారి వినిపించి ఎన్ని భాషలు వినపడ్డాయో అడగాలి, రెండోసారి నంబరు రాయమనాలి, మూడోసారి ప్లాట్‌ఫాం. వెనక చాయ్ అమ్మే గొంతు, బండి కూత వినపడినా పరవాలేదు, అసలు వినడం అంటే అదే. బండి లోపలికి వస్తున్నప్పుడు తీస్తే మాత్రం మాటలు మునిగిపోతాయి. రావడానికి పది నిమిషాల ముందు, స్పీకరు కింద నిలబడి తీయండి. రెండు మూడు బండ్లవి తీసుకుని పెన్‌డ్రైవ్‌లో కూడా వేసుకోండి.