రైఫిల్ గురి – 6వ పాఠం: ఉదయం జీరో, మధ్యాహ్నం ప్రెయిరీ డాగ్ మైదానం

ట్రిగ్గర్ నొక్కడం, ఊపిరి సగం వదిలి ఆగడం గత రెండు పాఠాల్లో వచ్చేశాయి. ఈసారి పాఠం ఒక పూర్తి రోజు పని: ఉదయం జీరో, అంటే స్కోపు (రైఫిల్ మీది దుర్భిణి) చూపిన చోటే గుండు పడేలా సరిచేయడం, మధ్యాహ్నం వేట. చోటు అమెరికాలో సౌత్ డకోటా పడమటి గడ్డి మైదానాలు. గురి నల్లతోక ప్రెయిరీ డాగ్. ఇది బొరియలు తవ్వుకుని గుంపులుగా బతికే ఉడుత జాతి జంతువు. పశువులకు మిగలాల్సిన గడ్డిని తినేస్తుందని అక్కడి రాంచర్లు (పశువుల పెంపకందార్లు) దీన్ని పురుగుపుట్ర లెక్కన చూస్తారు. నిలబడితే అడుగు ఎత్తు, ఒంటి వెడల్పు 3–4 అంగుళాలు. మీ కొలత ఆ వెడల్పే.

ఈ పాఠంలో నియమం ఒక్కటే. ఉదయం కాగితం మీద ఎంత దూరంలో 5కి 5 గుళ్లూ 3 అంగుళాల వృత్తంలో పెట్టగలిగారో, మధ్యాహ్నం ప్రాణి మీద ఆ దూరం దాటకూడదు. దెబ్బ తిని బొరియలోకి జారుకున్న జంతువును ఎవరూ వెతికి తీయలేరు. అది లోపల గంటల తరబడి నరకం పడి చస్తుంది. తమాషాకి 400 గజాలకు కాల్చి చూద్దామనే వాళ్లతో వెళ్లకండి.

ముందు కాగితాల సంగతి. ఆ రాష్ట్రంలో బయటివాళ్లకు ప్రెడేటర్–వార్మింట్ (వేటాడే జంతువులు, నష్టం చేసే చిన్న జంతువులు) లైసెన్సు ఉంటుంది. ప్రైవేటు భూమిలో కాల్చాలంటే ఆ భూమి రాంచర్ అనుమతి కావాలి. ప్రభుత్వ భూముల్లో కొన్ని నెలలు, కొన్ని చోట్ల పూర్తిగా మూసి ఉంచుతారు. ముఖ్యంగా ముంగిసలా ఉండే, అంతరించిపోతున్న నల్లకాళ్ల ఫెరెట్‌ను తిరిగి వదిలిన కొనాటా బేసిన్ లాంటి చోట్ల, ఎందుకంటే దాని తిండి ప్రెయిరీ డాగే. మన తెలుగువాళ్లు చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్నే ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకున్నా అదే లెక్క. అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు చేతిలో ఉంటే మినహాయింపు దొరుకుతుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు.

సరంజామా: .223 రెమింగ్టన్ బోల్ట్ యాక్షన్ రైఫిల్, 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) వార్మింట్ బుల్లెట్లు (అన్నీ ఒకే లాట్ నంబరువి), పావు ఎంఓఏ క్లిక్కుల స్కోపు (ఎంఓఏ అంటే 100 గజాల్లో దాదాపు అంగుళం జరిపే కోణం), బైపాడ్ (ముందు పెట్టే రెండు కాళ్ల ఊత), వెనక పెట్టే చిన్న ఇసుక సంచి, ఇంచ్-పౌండ్ల టార్క్ రెంచి (మర బిగువును కొలిచే రెంచి). కళ్లద్దాలు, చెవుల్లో ప్లగ్గులు, వాటి మీద మఫ్‌లు. ఈ రైఫిల్ చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది కాబట్టి ఒక్క రక్షణ చాలదు.

గురి కుదరలేదంటే తప్పు స్కోపు మీద తిప్పే గుండీ అయిన టరెట్‌లోనే ఉందనుకుంటారు. ఎక్కువసార్లు అది స్కోపు మరల్లో ఉంటుంది. అందుకే ఇంట్లోనే స్కోపును పట్టి ఉంచే రింగుల మరలు తయారీదారు చెప్పిన బిగువుకు, చాలావాటికి 15–20 ఇంచ్-పౌండ్లకు, బిగించండి. కింది బేస్ మరలు కూడా చూడండి. వదులుగా ఉంటే కాగితం మీద ఒక గ్రూప్ బదులు రెండు గ్రూపులు కనిపిస్తాయి. మూడు గుళ్లు ఒకచోట, రెండు ఇంకోచోట. ఆ లక్షణం కనిపిస్తే క్లిక్కులు తిప్పడం ఆపి మరలు చూడాలి.

రేంజ్‌కి చేరాక మొదట 25 గజాలు. రైఫిల్ ఖాళీ అని చూసుకుని, బోల్ట్ తీసి ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టండి. వెనక నుంచి బారెల్ గుండా చూసి లక్ష్యం నడిమధ్యకు తెచ్చి, రైఫిల్ కదలనివ్వకుండా స్కోపు గీతలు కూడా అక్కడికే తిప్పండి. దీంతో మొదటి గుండు కాగితం మీద పడుతుంది. తర్వాత మూడు గుళ్లు కాల్చండి. స్కోపు బారెల్ కంటే దాదాపు అంగుళంన్నర పైన ఉంటుంది. అందుకే 200 గజాల జీరో కావాలంటే 25 గజాల దగ్గర గుండు నల్లచుక్కకు అర అంగుళం కిందే పడాలి. ఇక్కడే చుక్కలోకి తెచ్చేస్తే దూరంలో పైకి పోతుంది. ఈ దూరంలో ఒక క్లిక్కు అంగుళంలో పదహారో వంతు కదుపుతుంది, అంటే అంగుళానికి 16 క్లిక్కులు.

తర్వాత 100 గజాలు. ఇక్కడ 5 గుళ్లు కాల్చేదాకా టరెట్ ముట్టుకోకండి. ఒక్కో గుండుకీ ఒక్కో సవరణ చేస్తే చేతి వణుకును సవరించినట్టే అవుతుంది, రైఫిల్‌ను కాదు. ఐదు చిల్లుల నడిమధ్య పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అక్కడి నుంచి కొలవండి. మనకు కావలసింది చుక్కకు అంగుళంన్నర పైన. గ్రూప్ నడిమధ్య చుక్కకు అంగుళం పైన, రెండు అంగుళాలు ఎడమకు పడిందనుకోండి. పైకి అర అంగుళం, కుడికి రెండు అంగుళాలు కావాలి. 100 గజాల్లో నాలుగు క్లిక్కులకు అంగుళం, కాబట్టి పైకి 2, కుడికి 8. టరెట్ మీది బాణం గుండు ఎటు కదులుతుందో చెబుతుంది, గీతలు ఎటు కదులుతాయో కాదు. మళ్లీ 5 కాల్చి చూడండి.

ఆఖరున 200 గజాలు. ఇక్కడ గుండు సరిగ్గా చుక్కలో పడాలి. ఒక్కో క్లిక్కుకు అర అంగుళం. ఈ జీరోతో 300 గజాల దగ్గర గుండు 7 అంగుళాల దాకా కిందకు దిగుతుంది. అది అంకె మాత్రమే, మీ రైఫిల్‌తో కాల్చి రాసుకోవాలి.

గ్రూప్ ఆకారమే తప్పును చెబుతుంది. నిలువుగా సాగితే వెనక సంచిని ప్రతిసారీ ఒకేలా నొక్కడం లేదని, లేదా ఊపిరి ఒక్కో గుండుకు ఒక్కోచోట ఆగుతోందని. అడ్డంగా సాగితే గాలి, లేదంటే ట్రిగ్గర్‌ను పక్కకు లాగే వేలు. కాల్చేకొద్దీ చిల్లులు ఒకే దిక్కుకు పాకుతుంటే బారెల్ వేడెక్కి రైఫిల్ కొయ్యను (పట్టుకునే చెక్క భాగాన్ని) ఆనుకుంటోంది. మొదటి గుండు ఒక్కటే దూరంగా, మిగతావి దగ్గరగా పడితే అది కడిగిన చల్లటి బారెల్ లక్షణం. రాసి పెట్టుకోండి, మైదానంలో మొదటి గుండు కూడా అదే. గ్రూప్ ఏ ఆకారమూ లేకుండా చెదిరితే స్నేహితుడి చేత తూటాల మధ్య ఒక డమ్మీ తూటా దూర్పించండి. అది పడినప్పుడు గొట్టం చివర కిందకు గుంజుకుంటే మీరు చప్పుడుకు జంకుతున్నారు.

ఇప్పుడు అసలు పరీక్ష. బెంచ్ వదిలి నేల మీద బోర్లా పడుకుని, బైపాడ్ మీద, 3 అంగుళాల వృత్తాలకు 100, 150, 200 గజాల్లో ఐదేసి కాల్చండి. ప్రతిసారీ కళ్లు మూసి, రెండు ఊపిర్లు తీసి, తెరవండి. గీతలు పక్కకు జరిగి ఉంటే చేతులతో లాగకుండా నడుము, కాళ్లు జరుపుకోండి. 150లో 5కి 5 పడి, 200లో 3 మాత్రమే పడితే ఈ రోజు మీ హద్దు 150.

గాలి మీద ఎంత శ్రద్ధ పెట్టినా తక్కువే. గంటకు 10 మైళ్ల అడ్డగాలికి ఈ గుండు 100 గజాల్లో అంగుళం, 200లో 4 అంగుళాలు, 300లో 9–10 అంగుళాలు జరుగుతుంది. దూరం మూడింతలైతే జరుగుడు తొమ్మిదింతలు అవుతోంది చూడండి. ప్రెయిరీ డాగ్ వెడల్పే 4 అంగుళాలు కాబట్టి 200 దాటాక గాలి ఊహ తప్పితే అంతా తప్పినట్టే. ముఖానికి గాలి తెలుస్తుంటే 4–7 మైళ్లు, ఆకులు ఆగకుండా ఊగుతుంటే 8–12, దుమ్ము లేస్తుంటే 13 పైన. ఏటవాలుగా వీస్తే అడ్డగాలి లెక్కలో 70 శాతం తీసుకోండి. స్పాటింగ్ స్కోపులో (లక్ష్యాన్ని దగ్గరగా చూపే విడి దుర్భిణిలో) ఎండసెగ నిలువుగా ఉడుకుతుంటే అడ్డగాలి లేదు, పక్కకు పారుతుంటే అటే వీస్తోంది. దుమ్ము లేచిందంటే హద్దును సగానికి తగ్గించండి.

మధ్యాహ్నం మైదానంలో ప్రతి గుండు కాల్చేముందు జంతువు వెనక మట్టి ఉందో లేదో చూడాలి. బొరియ చుట్టూ ఉండే మట్టిదిబ్బ గుండును ఆపుతుంది. గట్టు అంచున ఆకాశం వెనకగా నిలబడ్డ జంతువును వదిలేయండి. వార్మింట్ బుల్లెట్ సాధారణంగా నేల తాకగానే ముక్కలవుతుంది. .22 లాంగ్ రైఫిల్ సీసపు గుండు అలా కాదు, గట్టి నేల మీద ఎగిరి చాలా దూరం పోతుంది. దాని పెట్టె మీద మైలు పైచిలుకు ప్రమాదమని ఊరికే రాయరు.

ఏం కాలుస్తున్నామో రెండుసార్లు చూడండి. బొరియ గుడ్లగూబ ఇవే దిబ్బల మీద, ఇంచుమించు ఇదే ఎత్తులో, ఇలాగే నిటారుగా నిలబడుతుంది. దానికి పొడవాటి కాళ్లు, పసుపు కళ్లు. అది చట్టం కాపాడే పక్షి.

పదేసి గుళ్లకు ఒకసారి బోల్ట్ తెరిచి ఆపండి. బారెల్ మీద చెయ్యి నాలుగు సెకన్లు ఆనించలేకపోతే ఇంకా చల్లారలేదు. వేడి చాంబర్లో (తూటా కూర్చునే గదిలో) తూటా పెట్టి గురి చూస్తూ కూర్చుంటే లోపలి మందు వేడెక్కి గుండు పైకి పోతుంది. పైగా బారెల్ నుంచి లేచే సెగ స్కోపు ముందు ఆడుతూ లక్ష్యాన్ని పక్కకు చూపిస్తుంది.

చచ్చిన జంతువును చేత్తో ముట్టుకోకండి. ప్రెయిరీ డాగ్ గుంపుల్లో ప్లేగు ఉంటుంది, జంతువు చల్లబడగానే దాని ఒంటి మీది ఫ్లీలు (ప్లేగును మోసే, రక్తం తాగే చిన్న దూకుడు పురుగులు) వెచ్చటి ఒంటిని వెతుక్కుంటాయి. ప్యాంటు సాక్సుల్లోకి దోపి, బట్టలకు ముందురోజే పెర్మెత్రిన్ అనే పురుగుమందు కొట్టి ఆరబెట్టండి. కుక్కను వెంట తీసుకెళ్లకండి. బొరియల్లో చేయి పెట్టకండి, రాటిల్‌స్నేక్‌లు అక్కడే ఉంటాయి. సీసం ముక్కలున్న కళేబరాలు తిని గద్దలు విషమెక్కి చస్తున్నాయి. రాగి బుల్లెట్లు దొరికితే వాటినే కొని, వాటితోనే మళ్లీ జీరో చేసుకోండి, ఎందుకంటే గుండు మారితే పడే చోటూ మారుతుంది.

వచ్చే పాఠం బారెల్ శుభ్రం గురించి. అందులో ఈ రోజు వివరాలు రాసుకున్న పుస్తకం కావాలి. దూరం, గాలి, మొదటి గుండు పడిన చోటు, ఎన్ని గుళ్ల తర్వాత గ్రూప్ చెదరడం మొదలైందో రాసి ఉంచండి.