బ్యాటరీ మార్చే ముందు మీటరు పెట్టి చూడండి

బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతోందని నా దగ్గరికి బైకో స్కూటరో తెచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఒక కొత్త బ్యాటరీ వేయించుకుని ఉంటారు. కొత్తది వేశాక కొన్నాళ్లు బాగానే ఉంటుంది, తర్వాత మళ్లీ అదే గొడవ. జబ్బు బ్యాటరీది కానప్పుడు ఎన్ని మార్చినా అంతే. నా లెక్కలో బ్యాటరీ దిగిపోవడానికి దారులు మూడే. నింపినా నిలుపుకోలేకపోవడం, బండి నడుస్తున్నా సరిగ్గా నిండకపోవడం, బండి ఆపి తాళంచెవి తీసేశాక కరెంటు ఎక్కడికో కారిపోవడం. ఏదో తేల్చడానికి మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. వోల్టులు, ఓములు, 10 ఆంపియర్ల రేంజీ ఉంటే సరిపోతుంది.

మీటరు తీసేముందు టెర్మినల్ బోల్టులను వేళ్లతో పట్టుకుని తిప్పి చూడండి. స్పానర్ లేకుండానే కదిలాయంటే సగం పని అయిపోయినట్టే. తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే విప్పి, ఎమరీ పేపరుతో లోహం మెరిసేదాకా రుద్ది బిగించండి. నెగటివ్ వైరు రెండో కొస చాసిస్‌కో ఇంజిన్‌కో బిగించి ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అక్కడ తుప్పు పడితే బ్యాటరీ ఎంత మంచిదైనా సెల్ఫ్ తిరగదు. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. ఎందుకంటే పాజిటివ్ విప్పుతున్నప్పుడు స్పానర్ పొరపాటున చాసిస్‌కి తగిలినా అప్పుడు నిప్పురవ్వలు రావు.

ఇక వోల్టులు. బండి నడిపి వచ్చిన వెంటనే కొలవకండి, అప్పుడు కనిపించే అంకె ఉత్త పొంగు. కొన్ని గంటలు ఆగి, కుదిరితే మర్నాడు పొద్దున్న, సెల్ఫ్ నొక్కకముందే కొలవండి. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలో 12.7 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0 అంటే దాదాపు ఖాళీ. రాత్రంతా చార్జింగ్ పెట్టినా కాసేపటికే 10.5 దగ్గరికి దిగి ఆగిపోతే లోపల ఒక సెల్ పోయింది. ఉండేవి ఆరు సెల్స్, ఒక్కొక్కటీ 2.1 వోల్టులు, లెక్క సరిపోతుంది కదా. అది కొత్తది కొనాల్సిన కేసే. లిథియం బ్యాటరీ వేసుకున్నవాళ్లకు ఈ అంకెలు వర్తించవు.

అయితే 12.7 చూపించినంత మాత్రాన బ్యాటరీ మంచిదని కాదు. నిండా చార్జ్ చేసి, మీటరు తగిలించే ఉంచి సెల్ఫ్ నొక్కండి, అంకె ఎంతకు పడుతుందో చూడండి. 10కి పైన నిలబడితే దిగుల్లేదు. 9.5 కన్నా కిందికి పోతే అనుమానించాలి. టక్ టక్ మంటూ 7కో 6కో పడిపోయి, వదలగానే మళ్లీ 12కి లేస్తే అది లోపల సల్ఫేషన్ పట్టిన బ్యాటరీ. వారాల తరబడి దిగిపోయిన స్థితిలోనే వదిలేస్తే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఇక చార్జరు పెట్టినా చాలావరకు కరగదు.

బ్యాటరీ పాసైతే చార్జింగ్ చూద్దాం. ఇంజిన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్ వేసి, మీటరు బ్యాటరీ మీదే పెట్టండి. ఐడిల్‌లో 13 లోపు ఉన్నా ఖంగారు పడక్కర్లేదు. 4000 ఆర్‌పీఎం దాకా రైజ్ చేస్తే 13.8 నుంచి 14.5 మధ్యకు రావాలి. 15 దాటిందా, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టే. ఇలాంటి బండికి బ్యాటరీ పక్కలు ఉబ్బుతాయి, బల్బులు ఊరికే మాడిపోతుంటాయి.

ఎంత రైజ్ చేసినా 12.5 దగ్గరే ఉందంటే బ్యాటరీకి కరెంటు అందట్లేదు. ముందు, ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే కాయిల్, అంటే స్టేటర్ నుంచి రెగ్యులేటర్‌కు వెళ్లే వైర్లను కలిపే ప్లాస్టిక్ కప్లర్ విప్పి చూడండి. చాలా బళ్లలో మూడు పసుపు వైర్లు ఉంటాయి. తెల్లటి ప్లాస్టిక్ ఒకచోట గోధుమరంగుకు తిరిగి, లోపలి పిన్ను నల్లబడి, వైరు తొడుగు పిన్ను దగ్గర పెళుసెక్కి కనిపిస్తే అక్కడే ఆగండి. పిన్ను లూజై, వేడెక్కి, కాలిపోయింది. కొత్త కప్లర్ వేస్తే చాలావరకు అక్కడితో సరి. అది బాగుంటే మీటరు ఓముల్లో పెట్టి ఆ మూడు వైర్లను రెండేసి చొప్పున కొలవండి. మూడుసార్లూ ఒకే అంకె, అదీ చాలా తక్కువగా రావాలి. ఏ వైరుకూ ఇంజిన్ బాడీతో కనెక్షన్ చూపించకూడదు, చూపిస్తే కాయిల్ మాడింది. చివరగా కప్లర్ విప్పే ఉంచి, ఇంజిన్ నడుపుతూ ఏసీ వోల్టులు కొలవండి. రైజ్ చేసేకొద్దీ మూడు జతల్లోనూ సమానంగా పెరగాలి. ఆ వైర్లను చేత్తో ముట్టుకోవద్దు, షాక్ గట్టిగానే కొడుతుంది. స్టేటర్ బాగుంటే రెగ్యులేటర్‌నో, అక్కణ్నుంచి బ్యాటరీకి వచ్చే వైరునో అనుమానించాలి.

చార్జింగూ బాగుంటే ఇక మిగిలింది కారడం. తాళంచెవి తీసేసి నెగటివ్ వైరు విప్పండి. మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, ఒక ప్రోబ్ (మీటరు వైరు కొసనుండే సూది) బ్యాటరీ నెగటివ్ పోస్టుకు, రెండోది విప్పిన వైరుకు పట్టించండి. ఇప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేయకండి, సెల్ఫ్ అసలే నొక్కకండి, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. అంకె చిన్నదని తేలాక మిల్లీ ఆంపియర్లకు మార్చి ఒక నిమిషం ఆగండి.

గడియారం, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) ఉన్న బండికి ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు మామూలే. అలారమో జీపీఎస్ ట్రాకరో ఉంటే ఇంకొంచెం ఎక్కువ. 20 చూపిస్తోందనుకోండి. 5 ఆంపియర్ అవర్ కెపాసిటీ ఉన్న బ్యాటరీ 250 గంటల్లో, అంటే పది రోజుల్లో పూర్తిగా ఖాళీ. సెల్ఫ్ అయితే అంతకు చాలా ముందే మొరాయిస్తుంది. అదే 2 అయితే వంద రోజులు పడుతుంది. రోజూ నడిపే బండి ఇబ్బంది పెట్టకుండా, ఊరెళ్లి వచ్చేసరికి చచ్చిపడి ఉండేది ఇందుకే.

దొంగను పట్టడానికి, తర్వాత బిగించుకున్నవి ముందు పీకండి. ఫోన్ చార్జర్ సాకెట్, అదనపు లైట్లు, ట్రాకర్. నేరుగా బ్యాటరీకి కలిపినవైతే మరీ అనుమానం. ఆ తర్వాత ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ మీటరు చూడండి, ఏది తీసినప్పుడు అంకె పడిపోయిందో ఆ లైన్లో వెతకాలి. అన్నీ తీసినా అంకె తగ్గకపోతే రెగ్యులేటర్ కప్లర్ విప్పండి. దాని లోపల కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ లీకైతే రాత్రంతా కరెంటు వెనక్కి పారుతుంటుంది, చాలామంది మెకానిక్కులు దీని దాకా రారు. పని అయ్యాక మీటరు ఎర్ర వైరును మళ్లీ వోల్టుల రంధ్రంలోకి మార్చాలి. మర్చిపోయి బ్యాటరీ మీద పెడితే నేరుగా షార్టే.

మూడు పరీక్షల్లోనూ ఏమీ దొరక్కపోతే మీ తిరుగుడు సంగతి చూసుకోండి. రోజుకు నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టి, ప్రతిసారీ ఐదు నిమిషాలే నడిపితే ఖర్చయింది తిరిగి రాదు. అప్పుడప్పుడు చార్జరు పెట్టాల్సిందే. బ్యాటరీ కెపాసిటీలో పదో వంతు కరెంటు చాలు, అంటే 5 ఆంపియర్ అవర్‌కు అర ఆంపియర్. కారుకు వాడే పెద్ద చార్జరు వద్దు. నెలల తరబడి నిలిపే బండిని వారానికోసారి స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపేస్తుంటారు కొందరు. సెల్ఫ్ తాగినంత కూడా ఆ రెండు నిమిషాల్లో రాదు. దానికన్నా నిండా చార్జ్ చేసి, నెగటివ్ విప్పి పక్కన పెట్టడం నయం.